బలపం దొరలు

మొన్న జుమ్మా రోజు నమాజు చదివి వచ్చి, ఇక్కడ సౌదీలో మా క్యాంపు గదిలో పొయ్యి మీద పప్పుచారు పెట్టి కూర్చున్నాను. కడప నుంచి మా అమ్మాయి నా ఫోనుకు ఒక ఫోటో పంపింది. కింద ఒక ముక్క రాసింది: "అబ్బా, నువ్వు చెప్పే కాక బొమ్మలు ఇట్లనే ఉండేవా?"

నల్లరాతి బొమ్మ. కోటు వేసుకున్న తెల్లదొర. రెండు చేతులూ జేబుల్లో పెట్టుకొని, ఏదో బేరం కుదరక నిలబడ్డట్టు నిలబడ్డాడు. కోటు గుండీలు ఒక్కటి కూడా వదలకుండా చెక్కారు. కెనడా పడమటి కొసన సముద్రంలో కొన్ని దీవులున్నాయట, అక్కడి హైదా జాతివాళ్ల పనితనమట అది. యూరప్ నుంచి ఓడలేసుకొని తమ దగ్గరికి వచ్చిన దొరలను, నావికులను ఇలా చెక్కి, మళ్లీ ఆ ఓడవాళ్లకే అమ్మేవాళ్లట. ఆ రాయి బలపంలా మెత్తగా ఉంటుందట. ఇదంతా మా అమ్మాయి ఫోన్ చేసి మరీ చెప్పింది. నేను ఊ కొడుతూ ఆ దొర మొహమే చూస్తూ ఉండిపోయాను. పప్పుచారు మాడిపోయింది.

ఇది కాకకు పంపాలి అనుకొని ఆయన నంబరు తీశాను. తీశాక గుర్తొచ్చింది, కాక పోయి ఏడాది దాటిందని. ఇక్కడి పని మానుకొని, పాస్‌పోర్టు మీద ఎగ్జిట్ కొట్టించుకొని ఊరికి పోయాక, పొలం గట్టు మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడని క్యాంపులో చెప్పుకున్నారు. నంబరు మాత్రం నేను తీసెయ్యలేదు. తియ్యబుద్ధి కాలేదు, అంతే.

కాక అంటే వాళ్ల వైపు చిన్నాన్న. నాకు మాత్రం ఆయన ఏమీ కాడు. ఆయనది జగిత్యాల వైపు పల్లె, నాది కడప. ఆయన హిందువు, నేను సాయబుని. ఇక్కడి జుబైల్ రేవులో సముద్రంలోకి చాలా దూరం పోయే ఒక జెట్టీ ఉంది, దాని మీద తాళ్ల గుంపులో ఆయన పని. ఓడ వచ్చి ఆగేటప్పుడు పైనుంచి విసిరే తాళ్లను అందుకొని, లాగి, జెట్టీ మీది ఇనుప కొక్కాలకు తగిలించే మనుషులు వాళ్లు. ఆ గుంపును క్యాంపు నుంచి జెట్టీకి, జెట్టీ నుంచి క్యాంపుకు తిప్పే బస్సు నాది. మా ఈజిప్టు ఫోర్‌మన్ కూడా ఆయన్ని 'కాకా' అనే పిలిచేవాడు, అదే పేరనుకొని. ఆయన నన్ను 'సాబ్' అనేవాడు, కొంచెం గౌరవం, కొంచెం ఎగతాళి కలిపి.

ఎప్పుడు చూసినా ఎడమచెయ్యి మెడ వెనక పెట్టుకొని పైకి చూస్తుండేవాడు. ఓడ ఉన్నా అంతే, లేకపోయినా అంతే. రూములో ఫ్యాను కింద నిలబడి కూడా అదే వాటం. "యాల కాకా అట్ల చూస్తాండావు, పైన నీ అత్తగారిల్లు ఉండాదా?" అని నేను ఏడిపించేవాణ్ని. నోరు ఊరుకోదు కదా నాకు.

"పొద్దుందాక పైకి సూసి సూసి మెడ గట్లనే పట్టుకపోయింది సాబ్. ఇగ కిందికి దిగదు" అనేవాడు.

అందులో అబద్ధం లేదు. మా జెట్టీకి ఓడలు ఖాళీగా వస్తాయి. ఖాళీ ఓడ నీళ్ల మీద ఎత్తుగా తేలుతుంది. జెట్టీ మీద నిలబడ్డవాడికి అది మూడంతస్తుల గోడ. ఆ గోడ మీద, కమ్మీల వెనక నిలబడి, దొరలు కిందికి చూస్తూ చేతులతో సైగలు చేస్తుంటారు. తర్వాత ఓడలోకి సరుకు నింపుతారు. నిండేకొద్దీ ఓడ దిగుతుంది. నిన్న ఆకాశంలో ఉన్న మనిషి బయలుదేరే వేళకు మన ఎదురుగా వచ్చి నిలబడతాడు. వాడికీ చెమట పడుతుందని, వాడి చొక్కా కూడా చంకల్లో చిరిగిందని అప్పుడు తెలుస్తుంది.

ఎవరి మీద ఎవరికి కోపమొచ్చినా కాక ఒకటే మాట అనేవాడు: "ఓడ నిండనియ్యి." ఫోర్‌మన్ ఎగిరెగిరి పడ్డా అదే, నేను పాకిస్తానీ మెకానిక్‌తో తగువు పెట్టుకున్నా అదే. నాకైతే ఒళ్లు మండేది. "ఆ ఓడ ఎప్పుడు నిండాలి, నా బ్రేకులు ఎప్పుడు బాగవ్వాలి?" అని అరిచేవాణ్ని.

తాళ్లు కట్టడం అయిపోయాక ఆ గుంపుకు కాచుకొని కూర్చోవడమే పని. గొట్టాల నీడలో అందరూ ఒరిగేవాళ్లు. కాక మాత్రం చొక్కా జేబులోంచి బలపం ముక్కలు తీసేవాడు. మన పిల్లలు పలక మీద రాసే బలపమే. ఇక్కడ వెల్డర్లు ఇనుము మీద గీతలు గీసుకోవడానికి వాడతారు. అరిగి చేతికి అందకుండా పోయినవి పారేస్తే, ఈయన ఏరుకునేవాడు. ఒక ముక్క నోట్లో వేసుకొని చప్పరిస్తూ, ఇంకో ముక్కను విరిగిన రంపపు బ్లేడుతో చెక్కేవాడు. బ్లేడుకు పట్టుకునే చోట చింపిన లుంగీగుడ్డ చుట్టుకున్నాడు.

మొదటిసారి నాకు చూపించిన బొమ్మను చూసి నేను పగలబడి నవ్వాను. ఇంతింత బూట్లు, బూట్ల మీద పొట్ట, పొట్ట మీద గడ్డం, గడ్డం పైన రెండు ముక్కుబొక్కలు. తల శనగగింజంత ఉంది.

"ఇదేం మనిషి కాకా? దయ్యమా?"

"ఖాళీ ఓడ దొర సాబ్. కింద నుంచి సూస్తే గట్లనే కనవడ్తడు. ఓడ నిండినంక రా, మొకం సూపెడ్త."

సాయంత్రం పోయి చూస్తే ఇంకో బొమ్మ తయారైంది. అదే మనిషి. కంటి కింద ముడతలు, నెత్తిన అటూ ఇటూ దువ్విన నాలుగు వెంట్రుకలు, నోటి మూలన ఆరిపోయిన సిగరెట్టు. నాకు నవ్వు రాలేదు. మా ఇంట్లో బొమ్మలు తప్పు. మా నాయన బతికుంటే ఆ బొమ్మ పక్కన కూర్చున్నందుకే నాకు బడితెపూజ చేసేవాడు. జెట్టీ గార్డు, హఫర్ అల్ బాతిన్ అనే ఊరి ముసలాయన, ఒకసారి దాన్ని చేతిలోకి తీసుకొని "హరామ్, హరామ్" అని నాలుక చప్పరించాడు. అంటూనే చాలాసేపు తిప్పి తిప్పి చూసి, మళ్లీ కాక అరచేతిలోనే పెట్టి పోయాడు.

ఒక గ్రీసు కెప్టెన్ సంగతి చెప్పాలి. భారీ మనిషి, గొంతు ఇంకా భారీ. ఓడ ఆగింది మొదలు మావాళ్ల మీద అరుస్తూనే ఉన్నాడు, తాడు ఇటు కాదు అటు అని. ఓడవాళ్లు సామాన్ల కోసం బక్కెటు దించితే, కాక అందులో ఆ కెప్టెన్‌నే కింద నుంచి కనిపించినట్టు చెక్కిన బొమ్మను పెట్టి పంపాడు. ఎవడైనా ఫిర్యాదు రాస్తే తాళ్ల గుంపుతోపాటు డ్రైవరు కూడా ఇంటికే కదా! కెప్టెన్ బొమ్మను తీసుకొని, ఆ ముక్కుబొక్కలను చూసి, కమ్మీల మీదుగా వంగి కిందికి చూశాడు. కాక చెయ్యి మెడ వెనక పెట్టుకొని పైకి చూస్తూ నిలబడ్డాడు. అంత పెద్ద మనిషీ పొట్ట పట్టుకొని నవ్వాడు.

మర్నాడు ఓడ నిండి కిందికి దిగింది. కెప్టెన్ తనే వచ్చి, డెక్కు అంచున ఒక డబ్బా మీద కూర్చొని, తన మొహాన్ని వేలితో చూపించుకున్నాడు. ఇప్పుడు చెక్కు అని. ఇద్దరికీ ఒక భాష లేదు. మధ్యలో కాస్త నీళ్లు, అంతే. కాక చెక్కుతున్నంతసేపూ ఆయన కదల్లేదు. రెండో బొమ్మను చేతికందుకొని ఎండలో పట్టుకొని చూశాడు. ఈసారి నవ్వలేదు. చొక్కా జేబులో పెట్టుకొని, గుండీ వేసుకొని లోపలికి పోయాడు. ఆ ఓడ మళ్లీ మా జెట్టీకి రాలేదు.

అలాగే అన్నీ ఓడలెక్కి పోయాయి. ఒక్క బొమ్మా క్యాంపులో మిగల్లేదు. ఒకరోజు నేనడిగాను, "ఎంతసేపూ ఆ ఎర్రమొహాలేనా కాకా? మనోళ్లను ఒకర్ని చెక్కరాదా?"

పక్కన పడుకున్న మల్లేశం లేచి కూర్చొని, "నన్ను చెక్కు కాకా, మీసం కోరగ పెట్టు" అన్నాడు. మల్లేశం కాకకు రూమ్మేటు. కింది మంచం కాకది, పైమంచం మల్లేశంది. ఏళ్లుగా ఒకే గదిలో ఉన్నారు, ఒకే కుక్కర్లో అన్నం తిన్నారు.

"నిన్నేంది చెక్కుడు?" అన్నాడు కాక. "మనోళ్లు యాడికి పోతరు సాబ్? రేపు సుత గీడనే ఉంటరు. ఓడోళ్లు పోతరు, మల్ల రారు. పోయేటోళ్లను చెక్కాలె."

ఆ చలికాలం షమాల్ గాలి గట్టిగా కొట్టింది. ఉత్తరం నుంచి ఇసుకతో వచ్చే గాలి అది, సముద్రాన్ని లేపుతుంది. ఓడను కడుతుండగా పెద్ద తాడు ఒకటి తెగింది. తెగిన తాడు ఎటు తిరుగుతుందో ఎవరూ చెప్పలేరు. అది మల్లేశాన్ని కొట్టి జెట్టీ మీద నుంచి నీళ్లలోకి విసిరేసింది. పట్టపగలు, అందరి కళ్ల ముందే. పడవలు తిరిగాయి, ఈతగాళ్లు దిగారు. గాలి తగ్గాక కూడా వెతికారు. హెల్మెట్టు దొరికింది. మనిషి దొరకలేదు. ఇప్పటికీ దొరకలేదు.

కాక ఏడవలేదు. జేబులో బలపాలు అలాగే ఉండేవి, తీసేవాడు కాదు. "ఓడ నిండనియ్యి" అనే మాట మళ్లీ ఆయన నోట వినలేదు.

కొన్ని వారాల తర్వాత, మధ్యాహ్నం అన్నం వేళ, బస్సు మెట్ల మీద కూర్చొని ఉండగా ఆయన ఫోను మోగింది. చేతులకు గ్రీజుంది, నన్ను స్పీకరు పెట్టమన్నాడు. మల్లేశం భార్య.

"దండం కాకా. ఊళ్లె అందరు ఒక్క మాటకొచ్చిండ్రు. ఇగ శవం రాదట. దర్భలతోని బొమ్మ చేసి కాలుస్తమంటుండ్రు అయ్యగారు."

మనిషి దొరక్కపోతే వాళ్లలో అలా గడ్డితో మనిషిని చేసి దహనం చేస్తారని నాకు అప్పుడే తెలిసింది.

"దానికి మొకముండదు కాకా. గడ్డిమోపును పట్టుకొని నేనెట్ల ఏడ్వాలె? ఆయన ఫోన్ చేసినప్పుడల్ల చెప్పేటోడు, మా కాక దొరల మొకాలు చెక్కుతడు, సూస్తే పానమున్నట్టే ఉంటయని. నాకు ఆయన మొకం చెక్కి పంపు. గంతే. నేను దాన్ని పట్టుకొని ఏడుస్త."

"పంపుత బిడ్డా" అన్నాడు కాక.

వెల్డరు కొత్త బలపాలు ఒక పెట్టె ఇచ్చాడు, అరిగినవి కాదు. కాక మొదలుపెట్టాడు. చెక్కడం, చూడటం, కాలికింద వేసి తొక్కడం. మళ్లీ ఇంకోటి. ఆయన కూర్చునే చోటంతా తెల్లపొడి. ఊరికి పోయే నా ఛుట్టీ దగ్గరపడుతోంది, బొమ్మను నేనే తీసుకుపోయి ఇవ్వాలి. నేను వచ్చేదాకా మల్లేశం ఊళ్లో ఆ దహనం ఆపుకొని కూర్చున్నారు. నాకు ఓపిక నశించింది.

"ఫోన్లో ఫోటో ఉండాది గదా కాకా, చూసి చెక్కరాదా! ఒక్కసారి చూసిన గ్రీసోణ్ని చెక్కినోడివి, వీణ్ని చెక్కలేవా?"

ఫోను నా ముందు పెట్టాడు. మల్లేశం నా బస్సుకు ఆనుకొని, ఎవరిదో నల్లకళ్లద్దాలు అడిగి పెట్టుకొని, నవ్వకుండా నిలబడ్డ ఫోటో. ఉన్న ఫోటోలన్నీ అలాంటివే.

"గీడు ఫోటోకు నిలవడ్డ మల్లేశం సాబ్. ఆ పొల్లకు గీ మల్లేశం గాదు కావల్సింది." తల దించి అన్నాడు. "ఇన్నేండ్లు ఒక్క రూముల ఉన్నం. వాని ముక్కెట్లుంటదంటే నాకు యాదికొస్తలేదు. నేను వాన్ని సూడనేలేదు సాబ్. రోజు కండ్ల ముంగట ఉండేటోన్ని ఎవడు సూస్తడు?"

అప్పుడు ఏడ్చాడు. చిన్నపిల్లాడిలా కాదు, ఎవరో లోపల కత్తితో గీస్తున్నట్టు, నోరు మూసుకొని. నేను పక్కకు తిరిగి మల్లేశం మొహాన్ని గుర్తు చేసుకోవాలని చూశాను. వాడి దగ్గు గుర్తొచ్చింది, బస్సెక్కేటప్పుడు "సలాం సాబ్" అనే గొంతు గుర్తొచ్చింది. మొహం నాకూ రాలేదు. యా అల్లా, ఇదేం బతుకు అనిపించింది.

నేను బయలుదేరే ముందు జుమ్మా మధ్యాహ్నం, కాక గదికి పోయాను. కింది మంచం మీద వెల్లకిలా పడుకొని, ఖాళీ పైమంచాన్ని చూస్తూ, గుండె మీద పెట్టుకొని చెక్కుతున్నాడు. నన్ను చూసి లేచి, దాన్ని చేతిరుమాల్లో చుట్టి నా చేతిలో పెట్టాడు. విప్పి చూశాను. పాదం. వేలెడంత ఎడమపాదం. మడమ మీద పగుళ్లు, చిటికెన వేలు పక్కవేలి మీదికి ఎక్కి ఉంది.

"ఇంటికి ఫోన్ల మాట్లాడేటప్పుడు పైమంచం మీదికెళ్లి గీ కాలు కిందికి ఏలాడేసి ఊపేటోడు" అన్నాడు. "తలకాయకు తాకుతదిరా గాడిదికొడుకా అని తిట్టేటోన్ని. గీ కాలును తిట్టినంత నేను ఎవ్వర్నీ తిట్టలే. గిదే నేను సూసింది సాబ్. గిదొక్కటే నాకెర్క."

నేను దాన్ని మళ్లీ రుమాల్లో చుట్టాను.

"మొకం అడిగింది బిడ్డ. కాలు పంపితే ఏమనుకుంటదో! కోపానికొస్తే నన్నే తిట్టమను. నువ్వు మాత్రం గీ చేతుల్తోని ఇయ్యి."

హైదరాబాద్‌లో దిగి కడప బస్సు ఎక్కాల్సినవాణ్ని, జగిత్యాల బస్సు ఎక్కాను. దారి పొడుగునా చొక్కా జేబు తడుముకుంటూనే ఉన్నాను. ఎందుకొచ్చిన తద్దినంరా నాకు అని తిట్టుకున్నాను కూడా. ఆమె విసిరికొడితే నేనేం చెయ్యాలి?

ఇంటి వాకిట్లో చాప మీద దర్భ బొమ్మ పడుకోబెట్టి ఉంది. మీద తెల్లగుడ్డ కప్పారు. నేను గేటు దగ్గరే ఆగితే, ఎవరో కుర్చీ వేశారు. మల్లేశం భార్య వచ్చి నా ఎదురుగా నేల మీద కూర్చుంది. "తెచ్చినవా అన్నా?" అంది.

రుమాలు ఇచ్చాను. ముడి విప్పింది. చుట్టూ ఉన్నవాళ్లు మెడలు చాచారు. మల్లేశం తమ్ముడు ఎగిరిపడ్డాడు. "మొకం అడిగితే కాలు పంపుతడా? మేమిక్కడ ఏడుస్తుంటే ఆయనకు ఇకమతులా?"

"ఆయనకు మొహం రాలేదు నాయనా" అన్నాను.

ఆమె మరిది వైపు చూడలేదు. బొటనవేలితో ఆ మడమను నెమ్మదిగా తడిమింది. పగుళ్ల దగ్గర వేలు ఆగింది. చిటికెన వేలును పట్టుకొని చూసింది. "కొబ్బరినూనె సీస తేండ్రి" అంది. ఎవరో తెచ్చారు. అరచేతిలో కొంచెం వొంపుకొని, వేలితో ఆ రాతి మడమ పగుళ్లలోకి పెట్టడం మొదలుపెట్టింది.

"చెప్పులేసుకొమ్మంటే ఇనకపోతివి" అంది. "వచ్చినప్పుడల్ల నేనే పెట్టాల్నా? ఆడ పెట్టుకొమ్మని సీస పంపితే పెట్టుకోకపోతివి. సూడు ఎట్ల పగిలిందో. సూడు!"

తిడుతూ తిడుతూ ఉండగానే ఆ మాట ఏడుపైంది. ఊరంతా వినపడేలా ఏడ్చింది. నేను లేచి బయటికి వచ్చి గోడకు ఆనుకొని ఏడ్చాను. మల్లేశం తమ్ముడు నా పక్కన నిలబడి ఏడ్చాడు.

మగవాళ్లు దర్భ బొమ్మను ఎత్తేటప్పుడు కర్మ చేయించే అయ్యగారు ఆ పాదాన్ని కూడా అందులో పెట్టమన్నారు. ఆమె కొంగున ముడివేసుకుంది. "గడ్డిని కాలవెట్టుకోండ్రి. గిది నేనియ్య" అంది. ఎవరూ బలవంతపెట్టలేదు.

ఛుట్టీ అయిపోయి జుబైల్ వచ్చిన రోజు, కాక క్యాంపు గేటు దగ్గరే కాచుకొని ఉన్నాడు.

"తీసుకున్నదా?"

"తీసుకునింది. నూనె పెట్టింది."

"మొకం అడిగిందా?"

"అడగలేదు కాకా."

తల ఊపి గదిలోకి పోయాడు. మర్నాడు పొద్దున బస్సెక్కి, తన సీటుకు పోలేదు. నా పక్కన ఇంజను మూత మీద, వెనక్కి తిరిగి కూర్చున్నాడు. బస్సు కదిలింది. కాక మొదటి సీటు నుంచి ఒక్కొక్కణ్నే చూడటం మొదలుపెట్టాడు. ఒకడు సిగ్గుపడి కిటికీ వైపు తిరిగాడు. "ఏంది కాకా, పిల్లను సూడవచ్చినట్టు సూస్తున్నవ్?" అని వెనక నుంచి ఎవడో నవ్వాడు.

కాక నవ్వలేదు. "మొకాలు తిప్పకుండ్రిరా" అన్నాడు. "జెర సూడనియ్యిండ్రి."

ముందు సీటువాడు టోపీ తీశాడు. వాడి వెనకవాడు తీశాడు. తర్వాత అందరూ తీశారు. నేను జెట్టీ దాకా బండిని నిదానంగా నడిపాను.